మందకు పొట్టేలును మార్చే మా బావ

నా కూతురు లక్ష్మి కడుపులో బిడ్డకు జబ్బు లేదు! రిపోర్ట్ వచ్చింది!

మొన్న సాయంత్రం మొదటి ఫోన్ మా వెంకటయ్య బావకే చేశాను. నా భార్యకు అన్న, మా లక్ష్మికి మామగారు. "మళ్లీ చెప్పు బావా, ఇంకోసారి చెప్పు" అని మూడుసార్లు చెప్పించుకున్నాడు.

నిన్న పొద్దున అల్లుడి ఫోన్. స్వీట్ల సంగతి అనుకొని నవ్వుతూ ఎత్తాను.

"మామా, నాయన గొర్రెల కాడ్నే కూలబడినాడు. ఇంక లేడు."

గుండె ఆగిపోయిందట.

మా పెద్ద మనవడికి, లక్ష్మి కొడుక్కి, తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. ఎవరడిగినా "కొంచెం రక్తం తక్కువ" అని నేనూ బావా దాచేవాళ్లం. మా ఇళ్లలో పిల్లలకు పెళ్లి సంబంధాలు రావని భయం.

లక్ష్మికి మళ్లీ నెల తప్పింది. కడుపులో బిడ్డకు డీఎన్‌ఏ టెస్ట్ చేయాలన్నారు. నేనూ బావా వెంట వెళ్లాం.

డాక్టరమ్మ ఎంత ఓపికగా చెప్పిందో!

ఒంట్లో ప్రతి కణంలో మెలితిరిగిన నిచ్చెన లాంటిది ఉంటుందట, అదే డీఎన్‌ఏ. దాని మీద నాలుగే ఇంగ్లీషు అక్షరాలు. ‘ఏ’కు ఎదురుగా ‘టీ’, ‘జీ’కి ఎదురుగా ‘సీ’. కణం రెండు కావాలంటే నిచ్చెన నిలువునా విడిపోయి, ఒక్కో సగం తన జతను తనే కట్టుకుంటుందట. అందులో రక్తం తయారీ రాసిన చోట మా వాళ్లకు తప్పు పడింది.

బావ చదివింది ఐదో తరగతే. కానీ అడిగాడు చూడండి!

"అన్నిట్లో ఒకటే రాత ఉంటే, కన్ను కన్నెట్లయింది, గోరు గోరెట్లయింది తల్లీ?"

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పుస్తకం ఒకటే పెద్దాయనా. ఏ కణమైనా తనకు కావాల్సిన పేజీలే తెరుస్తుంది."

ఆ రాత అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒకటి వస్తుందట. ఒక్కటి బాగున్నా చాలట. రెండూ తప్పైతేనే జబ్బు. దగ్గర చుట్టరికంలో పెళ్లి చేసుకుంటే ఒకే తప్పు రెండు వైపుల నుంచీ రావడం ఎక్కువట.

తిరుగు బస్సు మార్కాపురం దగ్గర పడ్డాక బావ అన్నాడు:

"మన మందలో పుట్టిన పొట్టేలును మన మందకే వాడం గదా బావా. బలం తగ్గుద్దని పక్కూరోళ్లతో మార్చుకుంటాం. పిల్లల పెళ్లి కాడ ఆ బుద్ధి ఏమైంది?"

"ఏంది, నన్నంటావా? పిల్లనడిగింది నువ్వే!"

"అడిగితే ఒక రోజన్నా బెట్టు చేసినావా నువ్వు?"

పక్క సీటువాళ్లు తిరిగి చూసేంత నవ్వాం.

ఇప్పుడు బిడ్డకు ఒకవైపు తప్పు వచ్చినా, ఇంకోవైపు మంచి కాపీ వచ్చింది. అది చాలు!

మొన్న ఫోన్ పెట్టేముందు బావ అన్నాడు: "ఇంక దాచొద్దు బావా. మనోళ్లందరికీ చెప్పి రక్తం చూపించుకోమనాల. రేపట్నుంచి నేనే ఇల్లిల్లూ తిరుగుతా."

ఆ రేపు ఆయనకు రాలేదు. అందుకే నేను రాస్తున్నాను.

పోయిరా బావా. నీ రాతలో కొంత ఆ బిడ్డలో నడుస్తోంది. నీ ఆత్మ చల్లగా ఉండాలి.

ఇది చదివినవాళ్లు వీళ్ల ఇళ్లకు పోయి రక్తం చూపించుకోమని చెప్పండి:

వెలిగండ్లలో బావ పెద్దక్క, ఆమె పిల్లలు ముగ్గురూ.
హనుమంతునిపాడులో బావ పెదనాయన కొడుకులు.
గిద్దలూరులో బావ తమ్ముడు.
దొనకొండలో బావ చిన్న చెల్లెలు సుబ్బమ్మ. కూతుర్ని గిద్దలూరు అన్న కొడుక్కే ఇద్దామనుకుంటోంది. తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదు. ముందు ఆమెకు.