మా డ్రిల్లు మాస్టారి మద్రాసు ప్రయాణం

మా స్కూలు డ్రిల్లు మాస్టారు పోయిన గురువారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. సత్యనారాయణపురంలో మా పక్క వాటా వారిది. నేను అదే స్కూల్లో లెక్కలు చెబుతాను. గోడవతల నుంచి వాళ్ళావిడ పిలిచిన తీరులోనే నాకు సంగతి తెలిసిపోయింది.

మాస్టారిది చల్లపల్లి వైపు. ఎండలో గంట నిలబడ్డా చొక్కా నలగనిచ్చేవారు కాదు. పరుగులో ఏ పిల్లాడైనా డొక్క పట్టుకుని ఆగితే, "నొప్పి పని నొప్పి చేసుకుంటుంది, నీ పని నువ్వు చెయ్యరా" అని కేకేసేవారు. జ్వరమొచ్చినా సెలవు పెట్టేవారు కాదు. ఆ మొండితనం నాకు నచ్చేది, విసుగూ పుట్టించేది.

నాలుగేళ్ళ కిందట ఛాతీ బరువుగా ఉందంటే గవర్నరుపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు మెట్ల చెక్కబల్ల పదేపదే ఎక్కించి దించి, ఇ.సి.జి. తీశారు. నొప్పి వస్తే చెప్పమన్నారు. చెబితే ఆయన మా మాస్టారెందుకవుతారు? కవాతు చేసినట్టు ఎక్కి దిగారు. కాగితం మీద గీత మాత్రం తేడాగా వచ్చింది.

"ఒక్కోసారి ఇది లేని జబ్బును కూడా ఉన్నట్టు చూపిస్తుందండీ. మద్రాసు వెళ్ళి, గుండె దాకా సన్న గొట్టం పంపించి ఫొటోలు తీయించుకుంటే నిజం తేలుతుంది. అందులోనూ కొంచెం ప్రమాదం ఉంది. ఆలోచించుకోండి. ఈలోగా శ్రమ పడొద్దు" అన్నారు డాక్టరు.

మాస్టారు ఆలోచించుకున్నది వేరు. వారం తిరక్కుండానే దుర్గ గుడి కొండ మెట్ల మీద కనిపించారు. ఒక మెట్టు మీద కూలబడి, చెమటలు కక్కుతున్నారు. దమ్ము తగ్గిందనుకుని రోజూ సాధన చేస్తున్నారట, మళ్ళీ ఆ బల్లెక్కి నెగ్గుదామని!

"మార్చిలో పోతే సెప్టెంబరులో గట్టెక్కడానికి ఇదేమన్నా టెన్తు పరీక్షా మాస్టారూ?" అన్నాను, కోపంగానే.

ఆయన నవ్వలేదు. "మద్రాసులో నిజమని తేలితే నన్ను గ్రౌండులోకి రానివ్వరండీ. నాకింకేం పనొచ్చు?" అన్నారు. ఆయన భయపడడం నేను చూడ్డం అదే మొదటిసారి. చాలా బాధేసింది.

రిక్షాలో ఇంటికి తెచ్చి, వాళ్ళావిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టారు.

"మీరు కాకపోతే పిల్లలకి ఇంకో డ్రిల్లు మాస్టారొస్తారు. నాకు ఇంకో మొగుడొస్తాడా?"

మాస్టారు నా వైపు తిరిగారు. "మద్రాసు రైలెప్పుడుందో కాస్త కనుక్కోండి" అన్నారు.

నిజమే తేలింది. రెండు రక్తనాళాలు సన్నబడ్డాయన్నారు. మందులిచ్చి, పరుగులు మాన్పించారు. ఉద్యోగం మాత్రం పోలేదు. గ్రౌండులో కుర్చీ వేసుకుని డ్రిల్లు చెప్పారు. మొదట్లో పిల్లలు నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు.

నాకు మాత్రం వాళ్ళ సాయంత్రాలే గుర్తుంటాయి. ఆయన విసవిసా ముందు నడవడం, ఆవిడ నాలుగిళ్ళ వెనక రావడం మా వీధికి ఏళ్ళ తరబడి అలవాటు. మద్రాసు నుంచి వచ్చాక ఏలూరు కాలవ గట్టున ఇద్దరూ పక్కపక్కనే నడిచేవారు. మధ్యలో ఆయన నిలబడిపోయి, ఎవరున్నారని కూడా చూసుకోకుండా, "ఏమేవ్, కాస్త నొప్పిగా ఉంది, ఆగుదాం" అనేవారు. ఆవిడ ఆగేవారు. కాలవలో పడవలు వాళ్ళని దాటి వెళ్ళిపోయేవి.