ఒక కారు ఆగితే ఏడూ ఆగాలి

మా ఆయన కారు కొన్న రోజున నేనూ సంబరపడ్డాను. ఆ ముక్క ముందే ఒప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఆ కారు గురించీ, దాని సావాసగాళ్ళ గురించీ, వాటిని సాకిన మగమహారాజుల గురించీ ఇకమీదట నేను చెప్పబోయేదాంట్లో మంచిమాట కోసం వెతుక్కోవలసిందే.

డెబ్బయ్యవ దశకం చివరి రోజులు. మా ఆయన హనుమకొండలో ఫిజిక్సు లెక్చరర్. మిషన్ దవాఖానలో పనిచేసిన ఒక విదేశీ డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ అమ్మేసిన పాతకాలపు నల్ల కారు మాది. తాళం చెవి చేతిలో పెడుతున్నప్పుడు ఆ డాక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయని మా ఆయన గొప్పగా చెప్పేవారు. అవి ఆనందబాష్పాలని నా అనుమానం. ఆ కారును 'బండి' అంటే మా ఆయన ఊరుకునేవారు కాదు. 'ఆమె' అనాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో అలాగే రాస్తారట. నన్ను మాత్రం ఇంట్లో 'ఏయ్' అని పిలిచేవారు.

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడింట్లో కలిపి అలాంటి కార్లు ఏడు తేలాయి. ఏడుగురు మగవాళ్ళు కలిసి క్లబ్బు పెట్టారు. ప్రెసిడెంటు ఒక వకీలు. జీవితమంతా కోర్టులో వాయిదాలు అడిగిన మనిషి కాబట్టి ఆ పదవికి సరిగ్గా సరిపోయాడు. ఆయన తర్వాత పెద్ద తలకాయ కేసముద్రం మార్కెట్లో ధాన్యం వ్యాపారం చేసే సావుకారి. ఆయన కారు అన్నింటికన్నా పాతది, అన్నింటికన్నా పెద్దది, అన్నింటికన్నా ముందు ఆగిపోయేది. మిగతావాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసిందేమీ లేదు. కార్లు లేకపోతే వాళ్ళను వాళ్ళ వాడకట్టువాళ్ళే గుర్తుపట్టరు.

నెలకొకసారి ఒక్కొక్కరి ఇంట్లో మీటింగు. ఎవరి వంతు వస్తే ఆ ఇల్లాలు ఆ ఆదివారం పొయ్యి ముందునుంచి లేచేది కాదు. మగవాళ్ళు వసారాలో కూర్చుని కార్బురేటర్ల గురించి మాట్లాడుకునేవారు. ఒకరి మాట ఇంకొకరు వినేవారు కాదు. మేము లోపల కూర్చునేవాళ్ళం. మాకు అక్కడ పేర్లు ఉండేవి కావు. కారు ఏ సంవత్సరం తయారైందో అదే మా పేరు. సావుకారి భార్య 'థర్టీసిక్స్ మేడం', నేను 'ఫార్టీసెవెన్ మేడం'. కారు ఎంత పాతదైతే ఆమెకు అంత మర్యాద, అంత ముందు కుర్చీ. క్లబ్బులో ఉన్న ఇంకొక డాక్టరు గారి కారు పంతొమ్మిదివందల యాభై దాటిన తర్వాతది కాబట్టి ఆయన భార్యను తలుపు దగ్గర కూర్చోబెట్టేవారు. మా అందరిలోకీ పెద్ద చదువు చదివింది ఆమె ఒక్కతే.

కారు సేవ సంగతి చెప్పనే అక్కరలేదు. నా మెత్తటి నూలు చీరలు రెండు దాని ఒళ్ళు తుడవడానికే చిరిగిపోయాయి. ఎండ తగలకూడదు, మంచు తగలకూడదు, వాన అసలే తగలకూడదు. ఒకసారి మా చిన్నవాడికి ఒళ్ళు కాలిపోతున్నదని, దవాఖానకు పోదాం కారు తీయమన్నాను.

"మబ్బు పట్టింది గదా, ఆమె తడుస్తది. రిక్షా పిలుస్త, జరసేపు ఆగు" అన్నారు మా ఆయన.

పిల్లవాడు తడిస్తే ఫరవాలేదు కాబోలు. రిక్షాలో నా కొంగు వాడి నెత్తిన కప్పి తీసుకుపోయాను.

ఇక షికార్లు. చలికాలంలో రెండు మూడు ఆదివారాలు ఏడు కార్లూ వరసగా బయలుదేరేవి. పొద్దున ఆరింటికి చౌరస్తాలో ఒక్కొక్క చక్రం కింద నిమ్మకాయ, ఒక్కొక్క కారుకు కొబ్బరికాయ. జనం మూగేవారు. ప్రెసిడెంటు టోపీ పెట్టుకుని, ఎప్పుడో లండన్ పోయివచ్చినవాడిలా చెయ్యి ఊపేవాడు. ఆయన మద్రాసు దాటి ఎరగడు. అందరి వెనుక కిరాయి జీపు ఒకటి, అందులో మెకానిక్కు, మోకు, నీళ్ళ డబ్బాలు, మా వంటలు. నిజానికి ఆ ఎనిమిదింట్లో నమ్మకంగా నడిచేది ఆ జీపు ఒక్కటే.

క్లబ్బుకు ఒక రూలు ఉండేది. దారిలో ఒక కారు ఆగితే ఏడూ ఆగాలి. ఎవరూ ఎవరినీ విడిచి ముందుకు పోకూడదు. అది స్నేహధర్మమని వకీలు గారు ప్రతి మీటింగులో చెప్పేవారు. అసలు సంగతి ఏమిటంటే, తన కారు ఆగినప్పుడు పక్కవాడి కారు సాగిపోతే చూడలేరు. ఈ ధర్మం పుణ్యమా అని మొదటి రెండేళ్ళలో మేము రామప్పకని మూడుసార్లు బయలుదేరి ఒక్కసారీ గుడి మొహం చూడలేదు. ఒకసారి ఆత్మకూరు దాకా, రెండుసార్లు గూడెప్పాడు దాకా వెళ్ళాం. అక్కడే రోడ్డు పక్కన కారుకు ఆనుకుని ఫొటోలు దిగి, రామప్పకు వెళ్ళివచ్చామని ఊళ్ళో చెప్పుకున్నారు. ఫొటోలో గుడి ఏదని ఎవరో అడిగితే, గుడి వెనకాల ఉన్నదని సావుకారి జవాబు.

రామప్పకు వెళ్ళే దారిలోనే ములుగు. అక్కడ మా అక్క ఉండేది. నాకన్నా పదమూడేళ్ళు పెద్దది. అమ్మ పోయాక నాకు జడలు వేసింది, తిట్టింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది. బావ పోయిన తర్వాత రోడ్డు మీది ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని ఒంటరిగా బతికేది. కారు కొనకముందు నేను రెండు నెలలకొకసారి బస్సెక్కి పోయేదాన్ని. కారు వచ్చాక మా ఆయన బస్సు బంద్ చేశారు.

"ఇంట్ల కారు పెట్టుకోని నువ్వు బస్టాండ్ల నిలబడ్తే నా ఇజ్జత్ ఏంగావాలె? క్లబ్బోళ్ళు జూస్తే ఏమనుకుంటరు?"

"మరి కారుల తీస్కపోండ్రి."

"ఒక్కదాన్ని అంత దూరం ఎట్ల దీస్కపోత? ఏడన్న ఆగితే? రామప్ప ట్రిప్పు పెడ్తరు గదా, అప్పుడు మీ అక్క ఇంటి ముందట్నే ఆపుదాం."

'ఒక్కదాన్ని' అన్నది నన్ను కాదు, కారును.

అబద్ధమెందుకు, ఆ ఇజ్జత్ నాకూ రుచించింది. కూరగాయలామె 'కారోళ్ళమ్మా' అని పిలిస్తే బేరమాడకుండా కొనేదాన్ని. బస్టాండులో మూటతో నిలబడిన నన్ను థర్టీసిక్స్ మేడం చూస్తే ఎలా అని నేనే అనుకున్న రోజులు ఉన్నాయి. అలా రెండేళ్ళు గడిచాయి. అక్క నుంచి కార్డులు వచ్చేవి. నేను జవాబు రాసేదాన్ని, వచ్చే ట్రిప్పులో తప్పకుండా వస్తానని.

ఆ ఏడాది చలికాలం మొదట్లో వచ్చిన కార్డు అక్క రాసింది కాదు. పక్కింటి పంతులు గారు రాశారు. మీ అక్కకు ఆయాసం ఎక్కువైంది, గుండె నీరసించిందని డాక్టరు అంటున్నాడు, మిమ్మల్నే కలవరిస్తున్నది, ఆలస్యం చేయకండి అని. నేను వెంటనే సంచి సర్దాను. మా ఆయన కార్డు రెండుసార్లు చదివి, వచ్చే ఆదివారమే రామప్ప ట్రిప్పు ఉన్నది, నాలుగు రోజుల్లో ఏమవుతుంది, ఏడు కార్లు ఇంటి ముందు ఆగితే మీ అక్కకు సగం జబ్బు అక్కడే నయమవుతుంది అన్నారు. నేను సంచి దింపాను. ఆదివారం వస్తున్నామని అక్కకు కార్డు రాసి డబ్బాలో వేశాను.

ఆదివారం చౌరస్తా దాటి కొంచెం దూరం పోగానే సావుకారి కారు మొదటిసారి ఆగింది. ఏడూ ఆగాయి. ఆత్మకూరులో వకీలు గారిది ఆగింది. ఏడూ ఆగాయి. గూడెప్పాడులో మళ్ళీ సావుకారిది పొగలు కక్కింది. పన్నెండు దాటిన తర్వాత మల్లంపల్లి చేరాం. అక్కడ సావుకారి కారు ఫ్యాన్ బెల్టు తెగింది. జీపు వెనక్కి తిరిగి హనుమకొండ పోయి కొత్త బెల్టు తేవాలని తేల్చారు. చింతచెట్ల కింద జంపఖానా పరిచి, మగవాళ్ళు పేకలు తీశారు. నవ్వులు మొదలయ్యాయి. ఆగిపోవడమే వాళ్ళకు షికారు అని నాకు ఆ రోజు అర్థమైంది. చేరుకుంటే మళ్ళీ ఏం చేయాలో వాళ్ళకు తెలియదు.

మా కారు బాగానే ఉంది. ఆ రోజు ఒక్కసారి కూడా మొరాయించలేదు. మా ఆయన్ను పక్కకు పిలిచాను.

"మనది నడుస్తాంది గదా. ములుగు ఇంకెంత దూరం? అక్కను జూసి మళ్ళ ఇక్కడికే వద్దాం."

"రూల్ ఉన్నది. అందరు ఆగినంక మనొక్కలం పోతే బాగుంటదా?"

"అక్కకు పానం బాగలేదు."

"బెల్టు వస్తది, పోతం. గింత తొందరైతే ఎట్ల? వకీల్ సాబ్ జూస్తాండు, జర మెల్లగ మాట్లాడు."

వకీల్ సాబ్ చూస్తున్నది తన చేతిలోని పేకముక్కలను. మా ఆయన తిరిగి వెళ్ళి తన ముక్కలు అందుకున్నారు. ఫిజిక్సు చెప్పే మనిషి, నడిచే కారు పక్కన పెట్టుకుని, నడవని కారు కోసం కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నాకు ఆయన మీద కోపం చాలాసార్లు వచ్చింది. చులకన అనేది మాత్రం అప్పుడే మొదటిసారి కలిగింది. అది కోపంలాగా మర్నాటికి పోయేది కాదు.

ములుగు వైపు ఎర్రబస్సు వస్తున్నది. నేను రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టాను. బస్సు ఆగింది. మా ఆయన ముక్కలు చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"అందరి ముందట నా ఇజ్జత్ తీస్తవా? దిగు!"

నేను అప్పటికే మెట్టు మీద ఉన్నాను. డాక్టరు గారి భార్య ఒక్కతే జంపఖానా మీది నుంచి లేచి, అక్క కోసం నేను చేసిన సకినాల డబ్బా తెచ్చి కిటికీలోంచి నా చేతికి అందించింది. కండక్టరు ఆ వరసంతా చూసి అడిగాడు.

"అన్ని కార్లున్నయ్, ఒక్కటి గూడ నడువదా అమ్మా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. అరగంటలో ములుగులో దిగాను. రెండేళ్ళు పట్టిన ప్రయాణం అరగంటలో అయిపోయింది.

అక్క ఇంటి ముందు రోడ్డు ఊడ్చి పేడనీళ్ళ సాన్పు చల్లి ఉంది. కార్లు నిలబడడానికి అడ్డం అవుతాయని అరుగు పక్కన ఉండే రాళ్ళు కూడా ఎవరితోనో తీయించింది. వాడకట్టు పిల్లలు, ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ చూస్తున్నారట. నేను సకినాల డబ్బాతో బస్సు దిగేసరికి వాళ్ళు నా వెనక్కి చూశారు. ఇంకెవరూ దిగకపోతే ఇళ్ళలోకి వెళ్ళిపోయారు.

అక్క కిటికీ దగ్గర మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడదట. సగం మనిషి అయిపోయింది. పాదాలు వాచి ఉన్నాయి. నా మొహం తడిమి చూసి, కార్లేవని అడిగింది. వెనుక వస్తున్నాయని చెప్పాను. ఆమె తల ఊపింది. మూడు కొట్టింది, నాలుగు కొట్టింది. కార్లు రాలేదు. బెల్టు వచ్చాక, పొద్దుగూకుతుందని మల్లంపల్లి నుంచే వెనక్కి తిరిగారని తర్వాత తెలిసింది.

"రాకుంటేంది, నువ్వచ్చినవ్ గదా" అన్నది అక్క. కాసేపు ఊపిరి తీసుకుని, మెల్లగా మొదలుపెట్టింది. "నువ్వు నారాజ్ గాకు చెల్లె. కారచ్చినంక మా ఇల్లు నీకు చిన్నగైందేమో అనుకున్న. నా మనసే మంచిది కాదు."

"అట్లెందుకనుకుంటవక్కా? కారు ఎటు దీస్తె అటు ఆగిపోతాండె. అందుకే రాలె."

అక్క నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే చూసినట్టే చూసింది.

"గంతేనా? బస్సు రోజు నాలుగుసార్లు గీ కిటికి ముందట్నే ఆగుతది గదనే, బిడ్డా. ఆగినప్పుడల్లా జూసిన."

ఇంతసేపూ ఆ ఏడుగురు మగవాళ్ళను ఆడిపోసుకున్నాను, ఇప్పటికీ వాళ్ళ మీద నాకు రవ్వంత గౌరవం లేదు. కానీ నన్ను ఎవరూ గుంజకు కట్టేయలేదు. ఆ రోజు చెయ్యి అడ్డం పెట్టడానికి ఎంతసేపు పట్టిందో అంతకుముందు రోజుల్లోనూ అంతే పట్టేది. అక్క ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఆమె నా జుట్టు సరిచేస్తూ, పొద్దుపోతున్నది, హనుమకొండ బస్సు వస్తది, ఇగ లెవ్వు, పిల్లలు ఎదురుచూస్తరు అన్నది.

బస్సు వచ్చింది, కిటికీ ముందే ఆగింది, వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. అక్క ఇంకా పద్దెనిమిది రోజులు బతికింది. రెండేళ్ళలో నేను ఆమె మంచం మీద కూర్చున్నది ఆ పద్దెనిమిది రోజులే.