నెర్రెలో మోకాలు

బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ళను మోకాళ్ళు చూసి గుర్తుపట్టొచ్చు. రాయి చెక్కేటప్పుడు పొద్దంతా వాటి మీదే ఉండాలి కాబట్టి, లారీ ట్యూబు ముక్కను రెండు మడతలు వేసి, మోకాలి చిప్ప మీద పెట్టి, వెనక నుంచి దారాలతో బిగించుకుంటారు. గాబ్రియేలు పద్నాలుగో ఏట గనిలో దిగినరోజు, తండ్రి అతని చేతికి సుత్తి ఇవ్వకముందే ట్యూబులు కట్టాడు. ఇప్పుడతనికి నలభై ఆరేళ్ళు. గని లోతు అరవై అడుగులకు చేరింది. కిందినుంచి తలెత్తి చూస్తే నులకమంచం అంత ఆకాశం కనిపిస్తుంది. తండ్రి ఆ గుంతలోనే ముసలివాడయ్యాడు. తానూ అంతేనని గాబ్రియేలు ఏనాడో అనుకున్నాడు, అనుకుని ఊరుకున్నాడు.

ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం, చర్చి అయ్యాక భార్య జీవమ్మతో ఇంటికి నడుస్తుంటే, భుజాలకు తాళ్ళు చుట్టుకున్న ఇద్దరు ఎదురై ఊరవతల నిటారుగా నిలబడ్డ యర్రబండకు దారి అడిగారు. ఆ అమ్మాయి తనూజ. ఊరు కడప, బెంగళూరులో ఒక ల్యాబులో ఉద్యోగం. ఆ అబ్బాయి చైతన్య. ఊరు నందికొట్కూరు, హైదరాబాదులో పని. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, ఆమె అటునుంచి, అతను ఇటునుంచి రైలెక్కి డోన్‌లో కలుసుకుని బండ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఎక్కినందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. ఎక్కుతారు, పడతారు, అరచేతుల తోలు లేచేదాకా మళ్ళీ ఎక్కుతారు.

దారి చూపిస్తూ వెంట వెళ్ళిన గాబ్రియేలుకు ఆ ఎక్కడం వింత కాలేదు. గనిలోంచి తాడు లేకుండా వెయ్యిసార్లు పైకి పాకినవాడే. అతన్ని నిలబెట్టింది వేరే సంగతి. తనూజ పట్టు జారి గాల్లో వేలాడినప్పుడు, కింద తాడు పట్టిన చైతన్య ఒక్క మాట అనలేదు. ఆమె ఊపిరి కుదుర్చుకుని మళ్ళీ బండను పట్టుకునేదాకా కదలకుండా నిలబడ్డాడు. గనిలో మనిషి జారితే ముందు మేస్త్రీ తిట్లు వినబడతాయి, తర్వాతే ఎవరైనా చెయ్యిస్తారు. గాబ్రియేలు సాయంత్రం దాకా చూసి, చివరికి ఆ ముడి ఒకసారి చూపించమని అడిగాడు.

అలా మొదలైంది. నేర్పమని ఎవరినీ విసిగించలేదు. ఒకసారి చూసింది ఇంటి దగ్గర బావితాడు మీద వందసార్లు వేసి చూసుకునేవాడు. బండకు రంధ్రం చేసి బోల్టు దించే పనిలో మూడో ఏటికల్లా వాళ్ళకే గురువయ్యాడు. సుత్తితో తట్టి, చెవి ఆనించి, ఇది గట్టిది, ఇది బోలు అని చెప్పేవాడు. అతను బోలు అన్నచోట వాళ్ళు చెయ్యి కూడా పెట్టేవాళ్ళు కారు. వాళ్ళతో కలిసి రైల్లో హంపికీ బాదామికీ వెళ్ళొచ్చాడు. గనిలో దిగేవాడికి పైకి పోయే పని ఒకటి దొరికింది. ఒక్క విషయంలోనే అతను వాళ్ళ మాట వినలేదు. ఎక్కేటప్పుడు ట్యూబులు తీసేవాడు కాదు. అవి లేకపోతే మోకాళ్ళు తనవి కానట్టుండేది.

మొన్న శివరాత్రి వెళ్ళిన వారం, యర్రబండ పడమటి ముఖాన నిలువునా చీలిన ఒక కొత్త నెర్రె ఎక్కుదామని ముగ్గురూ చేరారు. ముందురోజే గాబ్రియేలు పైన రెండు బోల్టులు దించి, వాటిలోంచి పొడుగు తాడు వేశాడు. తాడు ఒక కొన అతని నడుముకు, రెండో వైపు కింద చైతన్య చేతిలో. నెర్రెలో పాదం అడ్డంగా పెట్టి తిప్పాలి గానీ మోకాలు పెట్టకూడదని, ట్యూబులు విప్పమని తనూజ ఆ పొద్దున కూడా చెప్పింది. అతను నవ్వాడు.

నలభై అడుగుల ఎత్తులో కాలు జారబోయింది. ముప్పై రెండేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, ఎడమ మోకాలు తనంతట తాను నెర్రెలోకి దూరింది. రబ్బరు రాయిని కరిచింది. భలే పట్టు దొరికిందని అతను ఒక్క క్షణం సంతోషించాడు. తర్వాత కాలు లాగితే రాలేదు.

ఏమైందన్నా అని కిందినుంచి చైతన్య అడిగాడు.

"ఏం ల్యాదప్పా. మోకాలు పట్టుకునింది. నువ్వు తాడు వదలాకు."

రెండుసార్లు గట్టిగా గుంజాడు. గుంజినకొద్దీ ఇంకా దిగింది. బరువంతా మోకాలి మీద పడి, రాయికీ ఎముకకూ మధ్య కండ నలుగుతోంది. చైతన్య తాడు బిగించి బరువు కొంత తీశాడు. అయినా కాలు అక్కడే ఉంది. గాబ్రియేలు కిందికి చూశాడు. బండ నీడ చైతన్యను దాటి ఇంకో పది అడుగులు ఉంది. పన్నెండు దాటితే ఆ నీడ బండ మొదట్లోకి వస్తుంది, తర్వాత ఎండ నేరుగా బండ మీద పడుతుంది. ఇంకో గంటకు అక్కడ చెయ్యి పెట్టలేరు. అప్పటికి మోకాలు వాచి నెర్రె నిండా పెరుగుతుంది.

తనూజ రెండో తాడు, పొట్టిది, భుజాన వేసుకుని కొండ చుట్టూ పరుగెత్తింది. పైన బోల్టులకు ఆ తాడు కట్టి, దాని మీద దిగి అతని పక్కకు చేరేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా అతనికి కనిపించింది ముక్కుకు జానెడు దూరంలో ఎర్రటి రాయి ఒక్కటే. కాలివేళ్ళు కదిపితే కదిలాయో లేదో తెలియలేదు. మోకాలు వంగనివాడిని గనిలో దింపరు. బండ ఎక్కడం మాట దేవుడెరుగు. రెండు పనులూ ఈ ఒక్క చిప్ప మీదే ఉన్నాయి.

"ట్యూబులు విప్పమని పొద్దున చెప్తి గదన్నా," అంది తనూజ, ముందు ఆ మాటే వచ్చింది.

"తిట్టేది కిందికి పోయినాక పెట్టుకో తల్లీ. ఈడ నేను పారిపోను గూడా లేను."

ఆమె నవ్వబోయి ఆగింది. వేళ్ళు దూర్చి తడిమింది. ఫైరువాళ్ళను పిలుద్దామంటే సిగ్నలు కోసం రోడ్డుదాకా పోవాలి, వాళ్ళు రావడానికి రెండు గంటలు. వచ్చినా బండను పగలగొట్టాలి, లేదంటే కాలు కొయ్యాలి అన్నాడు గాబ్రియేలు. నూనె పోస్తే జారుతుందేమోనని ఆమె తన దగ్గరున్న సన్నతాడు ఒకటి కిందికి వదిలింది. చైతన్య జీవమ్మ కట్టిచ్చిన సద్దిలోంచి ఊరగాయ డబ్బా తీసి దానికి కట్టాడు. మామిడికాయ ఊరగాయ నూనె గీరుకుపోయిన తోలు మీద పడగానే గాబ్రియేలు కళ్ళు మూసుకున్నాడు.

"మా జీవమ్మ కారం తక్కువేసుంటే బాగుండు," అన్నాడు పళ్ళ సందునుంచి.

నూనె తోలును జారేట్టు చేసింది. రబ్బరును కదపలేదు. తనూజ కాలు పట్టుకుని లాగింది. అతని నోట్లోంచి వచ్చిన శబ్దం విని ఆపేసింది. కింద నీడ నాలుగడుగులైంది.

అప్పుడతనికి గనిలో చేసే పని తట్టింది. పెద్ద రాయి చీల్చేటప్పుడు రంధ్రంలో రెండు సన్న ఇనుప రేకులు పెట్టి, వాటి మధ్య మేకు దించుతారు. మేకు ఇరుక్కుంటే ఎవరూ దాన్ని లాగరు. లాగినవాడిని పక్కవాళ్ళు వారం రోజులు ఎగతాళి చేస్తారు. ముందు రేకు తీస్తే మేకు దానంతట అదే వదులవుతుంది. ఇక్కడ మేకు తన కాలు. రేకు తను కట్టుకున్న ట్యూబు. ఇంతసేపూ మేకునే లాగుతున్నాడు.

 పనివాడిలా వరస చెప్పాడు. నా నడుము సంచిలో కత్తీ పట్టకారూ ఉన్నాయి, వెనక దారాలు కొయ్యి. పట్టకారుతో రబ్బరు అంచు పట్టు. నేను ఊ అన్నప్పుడు చైతన్య నన్ను జానెడు పైకి ఎత్తాలి, అదే క్షణాన నువ్వు రబ్బరు గుంజాలి, కాలు మాత్రం ముట్టాకు.

ఊ అన్నాడు. చైతన్య తాడు రెండు చేతులా పట్టి వెనక్కి వాలాడు. రబ్బరు అంగుళం వచ్చింది. మళ్ళీ ఊ. ఇంకో అంగుళం. ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. ఒక మడత ఊడింది, చాలాసేపటికి రెండోది. పైన తనూజ చెమట అతని మెడ మీద పడుతోంది, కిందినుంచి చైతన్య మూలుగు వినబడుతోంది. ఎవరూ చాలనలేదు.

చివరికి రాయికీ చిప్పకూ మధ్య వేలంత సందు ఏర్పడింది.

"ఇప్పుడు లాగేదా?" అంది తనూజ.

"వద్దు. లోపలికి తొయ్యాల."

 బయటికి రాని కాలిని ఇంకా లోపలికి తొయ్యడం. తోస్తే అక్కడే ఉండిపోవచ్చు. అయినా దూరిన దారినే తిరిగి రావాలి. మోకాలిని వేలెడు లోపలికి తోశాడు, చైతన్య ఎత్తుతుంటే మెల్లగా పైకి జరిపాడు, కాలు చాపాడు. తోలు రాయికి అంటుకుపోయింది. కాలు వచ్చేసింది.

చైతన్య అతన్ని కిందికి దించేసరికి నీడ ఎప్పుడో పోయింది, ఎండ నేరుగా బండ మీద పడుతోంది. గాబ్రియేలు నేల మీద కూలబడి మోకాలు చూసుకున్నాడు. గుమ్మడికాయలా ఉంది గానీ కొద్దిగా వంగింది. తాడు విప్పుతూ తలెత్తాడు. తనూజ ఇంకా నలభై అడుగుల పైన వేలాడుతోంది. ఆమె తాడు పాదాల దగ్గరే అయిపోయింది. గాబ్రియేలు విప్పిన కొనను ఆమె పైకి లాక్కుని నడుముకు కట్టుకుంది. రెండో వైపు చైతన్య పట్టాలి. అతని అరచేతులు చూస్తే తోలు లేదు. వేళ్ళు ముడుచుకోవడం లేదు.

గాబ్రియేలు పాక్కుంటూ వెళ్ళి ఒక రాతికి వీపు ఆనించి కూర్చున్నాడు, తాడు తన నడుముకు తగిలించుకున్నాడు.

"నీ కాలు సూసుకోన్నా ముందు," అన్నాడు చైతన్య.

"ఇది చేతుల పనప్పా. నువ్వు ఎనకాల కొసన కూచో, అంతే."

పైన బండ అప్పటికే మండుతోంది. తనూజ పొట్టి తాడు విప్పుకుని, అరచేతులు ఆనించలేక మోచేతులతో తోసుకుంటోంది. తొందరగా వదిలితే ఆమె బండకు కొట్టుకుంటుంది. అతను మోకాలి నొప్పిని పక్కన పెట్టి, రాయి చెక్కినట్టు కొలిచి కొలిచి తాడు వదిలాడు. ఆమె పాదాలు నేలకు ఆనాయి. ఆమె ముడి విప్పేదాకా అతను తాడు మీదనుంచి చెయ్యి తియ్యలేదు.