ఒళ్లో బిడ్డకు టికెట్టు

పరాయి రాష్ట్రంలో మేముండే ఉధ్నాలో బస్సెక్కి, పది నెలల పాపను ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో విమాన టికెట్లు చూస్తున్నాను. ఐర్లండ్‌లో ఉద్యోగం వచ్చింది. సుఖంగా, త్వరగా చేర్చే విమానం చాలా ఖరీదు. చౌకది దారిలో పదకొండు గంటలు ఆగుతుంది.

పాపతో నా తెలుగు విని పక్కనున్న పెద్దావిడ మాట కలిపింది. ఏళ్ల తరబడి పవర్‌లూమ్ మగ్గాల చప్పుడులో పనిచేసిన మనిషట. మామూలు మాట కూడా బస్సంతా వినబడేలా అనేది. ఏం చూస్తున్నావని అడిగితే చెప్పాను.

“ఎన్ని టికెట్లు బిడ్డా?”

“ఒకటేనమ్మా.”

“అవు మల్ల, ఒళ్లె పిల్లకు టికెట్ ఏంది? రైల్ల గూడ అడగరు. అగ్గువ అని మధ్యల ఆగేది తీస్కోకు. గంతసేపు గీ పిల్ల ఊకుంటదా? నీ నడుం ఇరుగుతది.”

పాప నాతో రావడం లేదు. ఏడాదిపాటు వాళ్ల నాన్న దగ్గరే ఉంటుంది, మా ఆడపడుచు చూసుకుంటుంది. తెలుగు తెలిసినవాళ్లు ఇంకా ఉన్న ఆ బస్సులో అంతమంది వింటుండగా ఆ సంగతి చెప్పలేక, “సరేనమ్మా” అన్నాను.

జోల్వాలో దిగబోతూ ఆవిడ పాప పాదం పట్టుకుని ఊపింది.

“ఇమానంల చెవులు నొస్తయంట. ఏడ్వకు. అమ్మ పాలిస్తది.”

ఆ వారమే చౌక టికెట్టు కొన్నాను. పదకొండు గంటలు కూర్చోవడం ఒక్కదానికి పెద్ద కష్టమేమీ కాదు.

ప్రయాణానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. పాపకు పాలు మాన్పించమని ఆడపడుచు రోజూ గుర్తుచేస్తోంది. రేపటి నుంచి అంటున్నాను.