లారీ నిండేదాకా నీళ్లు ముట్టని తాత

మా తాత రాజమల్లుకు ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోయడం తప్ప ఇంకే పనీ రాదు. చాయ్ కాయడం వచ్చంటాడు గానీ, ఆ చాయ్ ఒకసారి తాగినవాళ్లు రెండోసారి అడిగింది లేదు. హమాలీ ముఠాకు ఆయనే ముందు మనిషి. వీపు మీద బస్తాతో వాలుపలక మీదుగా ఒక్క ఊపున లారీ ఎక్కుతాడు. తక్కినవాళ్లు ఆయన అడుగు చూసి అడుగేస్తారు.

లారీ నిండేదాకా ఆ ముఠాలో ఎవరూ నీళ్లు ముట్టరు. తాగితే చెమట పోస్తుంది, తడి వీపుకు మిర్చి దుమ్ము అంటుకుంటే ఒకటే మంట అని తాత లెక్క. తాగకపోయినా చెమట పోస్తూనే ఉంది కదా అని నేనంటే, "ఇంటర్ తప్పినదానివి, నీకేం ఎరుకనే?" అంటాడు. ఆయన మూడో తరగతిలో బడి గోడ దూకిన సంగతి నాయనమ్మ చెప్పకపోతే నేనూ నోరు మూసుకునేదాన్ని.

పోయినేడు ఎండాకాలం, ముఠాలోని కొమురెల్లి ఉండబట్టలేక అన్నాడు.

"మామా, మోసింది సాలు. ఇగ కూసొని బస్తాల మూతులు కుట్టరాదు?"

"దబ్బనం పట్టాల్నా నేను? గీ లారీ నిండేలోపల ఎనకబడితె గప్పుడు పడుత దబ్బనం. అందరు ఇనుర్రి!"

అంతమందిలో అన్నాక ఇక తగ్గడు.

నేను సద్ది తీసుకుని వెళ్లేసరికి లారీ సగం నిండింది. రేకుల షెడ్డు కింద గాలి పొయ్యి సెగలా ఉంది. ఎప్పుడూ బస్తా దించి పరుగున తిరిగొచ్చే మనిషి, ఇప్పుడు ప్రతిసారీ లారీ అంచు పట్టుకుని రొప్పుతున్నాడు. రొప్పు తీరకముందే మళ్లీ బస్తాకు వంగుతున్నాడు. పిక్కలు వాటంతటవే అదురుతున్నాయి.

"తాతా, రెండు గుక్కల సల్ల తాగు."

"లారీ నిండనియ్యే."

"లారీ కన్న ముందు నువ్వే దవాఖానకు పోయెటట్టున్నవ్."

నవ్వబోయాడు. ఎండిన పెదవి చిట్లింది.

తర్వాతి బస్తాతో పలక మధ్యకు వచ్చి ఆగిపోయాడు. పిక్క పట్టేసింది. కాలు ముందుకూ రాదు, వెనక్కీ పోదు. బస్తా ఒక పక్కకు ఒరుగుతోంది.

"తాతా!"

వెనకే వస్తున్న కొమురెల్లి తన బస్తాను పక్కకు విసిరేసి, తాతను రెండు చేతులా ఆపాడు. నలుగురూ కలిసి బయట నీళ్ల కుండలున్న చెట్టు నీడకు మోసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. కళ్లు నా మీదే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

"సారలమ్మా, బర్రెను కట్టేసినవా?"

సారలమ్మ మా నాయనమ్మ. మాకు బర్రె ఏనాడూ లేదు. నాకు నవ్వు రాలేదు.

"ఆటో పిలువుర్రి!" అని అరుస్తూ కుండెడు నీళ్లు ఆయన వీపు మీద కుమ్మరించాను. కొమురెల్లి తడి గోనెతో విసురుతున్నాడు. తాత కదల్లేదు. ఇంకో కుండ పోశాను. ఆయన ఒళ్లు జలదరించింది.

"మంట! మంటనే! ఎవతే పోసింది?"

"నేనే, ఇంటర్ తప్పినదాన్ని."

"గందుకే తప్పినవ్!"

మనిషిని గుర్తుపట్టాడు. అప్పుడు ఏడ్చాను. ఆటోలో దవాఖానకు పోతూ ఉప్పేసిన చల్ల గుక్కగుక్కగా తాగించాను.

మాట మీద నిలబడి ఇప్పుడు దబ్బనం పట్టాడు. ఆయన కుట్టు ఎంత నిదానమంటే, బస్తాకూ బస్తాకూ మధ్య ముఠా అంతా కుండ దగ్గరికి పోయి నీళ్లు తాగి వస్తోంది. కావాలనే అలా కుడుతున్నాడని నా అనుమానం. అడిగితే పొడుస్తానన్నట్టు దబ్బనం చూపిస్తాడు.