నడిమి గది బేరం

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. అయినా ఇంట్లో క్రికెట్టుకి ఇంగ్లీషు కామెంటరీయే పెడతాను. వాళ్ళ గొంతు మారినప్పుడల్లా గట్టిగా నవ్వుతాను, మా ఆవిడ నాకు అర్థమవుతోందనుకుంటుంది. మొన్నోసారి అలా నవ్వితే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మెల్లిగా అంది: "నాన్నా, ఎవరో పాత ఆటగాడు పోయేడట. బాధపడతన్నారు వాళ్ళు."

అంటే దానికి ఇంగ్లీషు అర్థమవుతుంది. చదువుతుంది, రాస్తుంది. నోట్లోంచే రాదు. తెలుగులోనూ అంతే లెండి, మా ఇంట్లో మాట్లాడే పనంతా నేనే చూసుకుంటాను.

ఈ ఏడు వాళ్ళ ఇంగ్లీషు మేడం, ఇంకో ఇద్దరు టీచర్లతో కలిసి కొత్త పద్ధతి పెట్టారు. ఆ పీరియడు రాగానే పిల్లలు మూడు గదుల్లోకి వెళ్తారు. నోరు పెగలని వాళ్ళది మొదటి గది, మాట్లాడేవాళ్ళది నడిమి గది, సొంతంగా కథలల్లే వాళ్ళది చివరి గది. మా అమ్మాయి మొదటి గదిలో పడింది. ఒకటో తరగతి నుంచీ దాని పక్కనే కూర్చునే స్నేహితురాలు నడిమి గదికి పోయింది. ఇక మా అమ్మాయి ఇంట్లో అన్నం కలపడమే గాని తినడం లేదు.

ఇంతలో మేడం కబురు పెట్టారు. శనివారం బడి వరండాలో సంత. పిల్లలు ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చి ఇంగ్లీషులో అమ్మాలి, పెద్దవాళ్ళు గిరాకీలు. ఎవరి నోటా తెలుగు రాకూడదు. అమ్మగలిగితే నడిమి గది, లేకపోతే మొదటి గదే.

సంత అనేసరికి నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. నా బతుకే సంత కదా! మాడుగుల, రావికమతం, ఎక్కడ సంతైనా స్టీలు సామాన్ల బండి వేస్తాను. బేరం కుదరక వెళ్ళిపోయేవాణ్ణి నేను వెంటపడి పిలుస్తాను. మా ఆవిడ చస్తే పిలవదు, ఆ గిన్నే తీసి పక్కవాళ్ళకి చూపించడం మొదలెడుతుంది. సెలవుల్లో మా అమ్మాయి మా ఇద్దరి మధ్యా కూర్చుని ఊరికే చూస్తుంటుంది.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. సొంత పిల్లల దగ్గర కొనకూడదన్నారు మేడం.

"నేను బేరం ఆడితే పరాయి పిల్లలు ఏడిసేత్తారు మేడం. నా పిల్లకైతే అలవాటే," అన్నాను. ఆవిడ నవ్వి సరే అన్నారు.

మా అమ్మాయి బల్ల మీద క్యారేజీ పెట్టుకుని నిలబడింది. "గుడ్ మార్నింగ్ సార్. గుడ్ క్యారేజీ సార్."

ఇన్నేళ్ళుగా గిరాకీలు నన్నెలా ఏడిపించారో అదంతా తీర్చుకునే రోజు వచ్చింది. క్యారేజీ ఎత్తాను, గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను, మూత తీసి వాసన చూశాను. "నో," అన్నాను.

"స్ట్రాంగ్ సార్."

"నో."

వరండా అంతా ఒకటే నవ్వు. "వై సార్?" అంది. దానికి నా దగ్గర ఇంగ్లీషు లేదు. "అదర్ షాప్!" అని చెయ్యి విసిరి నడిచాను. పిలుస్తుందిలే అని నా ధీమా.

పిలవలేదు. మెట్ల దాకా వచ్చేశాను, నవ్వులు కూడా ఆగిపోయాయి. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎక్కువ చేశానా? వెనక్కి తిరిగితే బేరం పాడవుతుంది, తిరగకపోతే పిల్ల మొదటి గదిలోనే ఉండిపోతుంది.

అప్పుడు వినబడింది.

"మేడమ్, ప్లీజ్ కమ్! దట్ మ్యాన్ విల్ నాట్ బై. హీ టచెస్ ఎవ్రీథింగ్, హీ టాక్స్ అండ్ టాక్స్, అండ్ హీ గోస్! యూ సీ దిస్ క్యారేజీ, మేడమ్. వెరీ గుడ్ ఫర్ యువర్ డాటర్!"

అచ్చం మా ఆవిడే! కాకపోతే ఇంగ్లీషులో. 'టాక్స్ అండ్ టాక్స్' అంటే నా గురించేనని ఎవరూ చెప్పక్కర్లేదు, అందరూ నావైపే చూస్తున్నారు. పిలిచింది మెయిన్ రోడ్డులో గాజుల కొట్టు నడిపే ముస్లిం ఆవిణ్ణి, ఆవిడ కూతురిదీ మొదటి గదే. ఆవిడ క్యారేజీ పట్టుకుని "హౌ మచ్?" అనడం, నేను పరిగెత్తుకొచ్చి "నో నో! మై క్యారేజీ!" అని రెండో పక్క పట్టుకోవడం ఒకేసారి జరిగాయి. ఆవిడ వదల్లేదు. మా అమ్మాయి నా వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసి, "సారీ సార్. సోల్డ్," అంది.

మేడం చప్పట్లు కొట్టి దాని భుజం తట్టారు: "సోమవారం నుంచి నడిమి గది." స్నేహితురాలు ఎగిరి దీని మెడకి వేలాడింది. నేను కూడా ఎగిరాను, నన్నెవరూ పట్టుకోలేదు.

తిరుగు దారిలో మోటారు సైకిలు మీద నా గొప్ప నాది. "సూసేవా? మీ నాన్న ఆ మాత్రం బేరం ఆడబట్టే నీకు మాటొచ్చింది. ఒప్పుకో!"

వెనక నుంచి వెంటనే వచ్చింది జవాబు: "నువ్వు నోరు మూసుకుని అటు తిరిగేకే కద నాన్నా, నాకు నోరొచ్చింది. ఇంట్లో కూడా అప్పుడప్పుడూ అటు తిరుగుతుండు!"