బోలు టైల్సు

నరసరావుపేటలో మా ఎదురింటి పిన్ని ఎవరింటికి వెళ్ళినా, కూర్చునే ముందు వంగి నేలమీది టైల్సును వేలి కణుపుతో కొట్టి చూసేది. కొబ్బరికాయ కొనేవాళ్ళలా చెవి పెట్టి వినేది. కింద సిమెంటు సరిగా నిండని టైలు బోలుగా మోగుతుందట.

మా గృహప్రవేశం రోజునా అంతే. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే ఆమె గదులన్నీ కొట్టుకుంటూ వచ్చి, బోలుగా మోగిన ప్రతి టైలుకీ పసుపు బొట్టు పెట్టింది. చుట్టాలు అదేదో శాస్త్రమనుకుని వాటిని తొక్కకుండా దాటారు.

మేస్త్రీని పీటమీద కూర్చోబెట్టి కొత్తబట్టలు పెట్టబోతుంటే నా చెవిలో అంది: "ఇప్పుడే పెట్టబాకు. పదకొండు బోలుగా ఉండయ్యి."

అందరూ చూస్తున్నారని పెట్టేశాం. బట్టలు పెట్టాక పని ముగిసినట్టే. మళ్ళీ పిలిస్తే మర్యాద కాదు.

ఎండలు ముదిరేసరికి సరిగ్గా ఆ పదకొండే పైకి లేచాయి. పిన్ని ఉలీ తాపీ పట్టుకుని వచ్చింది. "ఏందే అట్టా చూస్తావు, సిమెంటు కలుపు" అంది. ఇద్దరమే వాటిని తీసి మళ్ళీ పరిచాం. నాలుగు రోజులాగి నేనే కొట్టి విన్నాను. ఒక్కటీ బోలుగా మోగలేదు.

పళ్ళెంలో చీరా తాంబూలమూ పెట్టి తెచ్చాను. పిన్ని చీర అంచు తిప్పి చూసి, బాగుందని చెప్పి, పళ్ళెం నా చేతికే ఇచ్చింది.

"దాచిపెట్టు. ఇంకో ఎండాకాలం పోయినాక తీసుకుంటాలే. ఇప్పుడు పెడితే మళ్ళీ నన్ను పిలవలేవు."